సంత్రా చికెన్ మాడిన సాయంత్రం

రఘుపతి తిండి గురించి ఒక్క మాటా అనక నాలుగు నెలలైంది.

అంతకుముందు కూరలో ఉప్పు పలుకంత తగ్గినా అతనికి తెలిసేది. వాకిట్లో బూట్లు విప్పుతూనే "ఇయ్యాల మెంతికూర చేసినవా?" అని అడిగేవాడు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో జమున తన వంటకు మెప్పులూ వంకలూ రెండూ అతని నోటే విన్నది. ఆగస్టులో వచ్చిన జ్వరం అతన్ని పదకొండు రోజులు మంచాన పడేసి పోయింది. ఆ తర్వాత మనిషి మారిపోయాడు. ఏది పెడితే అది తింటాడు. ఎట్లుందంటే "బాగుంది" అంటాడు. బెల్టు రెండు కన్నాలు లోపలికి జరిగింది.

జమునను భయపెట్టినవి రెండు సంగతులు. ఒకరోజు గిన్నె మారిపోయి, పారబోయాల్సిన చేపల పులుసు వడ్డించింది. అతను మొత్తం తిని చేయి కడుక్కున్నాడు. తర్వాత గిన్నె మూత తీసిన జమున, ఆ కుళ్లు వాసనకు ముక్కు మూసుకొని గడప దాకా పరుగెత్తింది. ఇంకోరోజు, దసరా ముందు, ఆమె నల్లా దగ్గర బిందె నింపుకొని వచ్చేసరికి ఇల్లంతా గ్యాస్ వాసన. పొయ్యి మీద పాలు పొంగి మంట ఆరిపోయింది. రఘుపతి వంటింటి గుమ్మం పక్కనే కుర్చీలో పేపరు చదువుతున్నాడు. "చూడలే" అన్నాడు. చూడటమేమిటో ఆమెకు అర్థం కాలేదు. కానీ ఆ రోజు కిటికీలు తెరిచి, కూతురిని తిట్టింది, అతన్ని తిట్టింది, అంతటితో ఆ సంగతి వదిలేసింది.

వాళ్లుండేది సెంటినరీ కాలనీలో, కంపెనీ క్వార్టర్‌లో. రఘుపతి భూగర్భ గనిలో మైనింగ్ సర్దార్. షిఫ్టు మొదలయ్యేటప్పుడు తన ప్యానెల్, అంటే తనకప్పగించిన తవ్వకం భాగమంతా తిరిగి, పైకప్పు తట్టి, గాలి చూసి, ఇక పని చేసుకోవచ్చని చెప్పేది అతనే. అతను సరేనన్నాకే మిగతావాళ్లు లోపల అడుగు పెడతారు. జమున తమ్ముడు అంజిది కూడా అదే ప్యానెల్. గని పైకప్పుకు బోల్టులు బిగించే పని.

డిసెంబరు రెండో వారంలో కూతురు దీప ఒక ఉపాయం చెప్పింది. ఆమె ఇంటర్ రెండో సంవత్సరం.

"అమ్మా, బాపు మొహం మొత్తి తింటలేడు. దినాం అదే కూర, అదే చారు. కొత్తది చేద్దాం. గిది చూడు."

ఫోన్‌లో ఎవరో నల్లటి పెనంలో ఎర్రటి కోడి ముక్కలను ఎగరేస్తున్నారు. చైనా పద్ధతి ఆరెంజ్ చికెన్. ముక్కలకు పిండి పట్టించి రెండుసార్లు వేయించి, సంత్రా రసంతో చేసిన తియ్యటి, పుల్లటి పాకంలో కలుపుతారట.

"కోడికి సంత్రలా?" జమునకు నమ్మకం కలగలేదు.

"బాపుకు సంత్రలంటే పానం గదనే. ఆ వాసనకన్న లేచి వంటింట్లకు రాడా?"

ఆ మాట జమునకు నచ్చింది. శుక్రవారం చేద్దామనుకున్నారు.

శుక్రవారం ఒంటిగంటన్నరకు అంజి వచ్చాడు. గోదావరిఖని నుంచి కిలోన్నర సంత్రాలు, సోయా సాస్ సీసా, వెనిగర్, కార్న్‌ఫ్లోర్ డబ్బా తెచ్చాడు. అప్పటికి దీప ఒక సంత్రా తొక్కను సన్నగా తురుముతోంది. ఆ ఘాటు ముందుగది దాకా కమ్ముకుంది.

"ఏం వంట అక్కా ఇది, సెంటు సీసా పగిలినట్టున్నది?" అని నవ్వాడు అంజి. కూర్చోమంటే కూర్చోలేదు. రెండో షిఫ్టు మూడింటికి. "బొగ్గు తవ్వే మిషిన్ వెనక్కి జరిపిన్రు. ఇయ్యాల పాత గోడ దిక్కు బోల్టులు కొట్టాలె. జల్ది పోవాలె" అని చెప్పి బండి స్టార్ట్ చేశాడు.

మూడింటికి, పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగింది. రోజూ జరిగేదే. కిటికీ అద్దాలు అదిరాయి. అరమీది స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగాయి. దీప పిండి గిన్నెకు చెయ్యి అడ్డం పెట్టింది, పైనుంచి సున్నం రాలుతుందేమోనని.

రఘుపతి నాలుగింటికి వచ్చాడు. స్నానం చేసి వచ్చి, జమున అడగకుండానే వంటింట్లోకి వచ్చి పీట మీద కూర్చున్నాడు. ఆమెకు సంతోషమేసింది. వాసనే లాక్కొచ్చిందనుకుంది. కానీ అతను పొయ్యి వైపు చూడటం లేదు. కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"ఏమైంది? గట్లున్నవ్?"

"ఏం లేదు. తలకాయ బరువున్నది."

ఎముకల్లేని కోడి ముక్కలు గుడ్డుసొనలో, మిరియాల పొడిలో, సోయా సాస్‌లో గంట నుంచి నానుతున్నాయి. జమున వాటిని కార్న్‌ఫ్లోర్, మైదా కలిపిన పొడిపిండిలో దొర్లించి నూనెలో వేసింది. మొదటి వాయి పాలిపోయిన రంగులో తేలగానే తీసి పళ్లెంలో పరిచింది. ఫోన్ చూస్తూ దీప చెప్పింది. "కొద్దిసేపు ఆగాలె. నూనె ఇంక బాగ కాగినంక మల్ల వెయ్యాలె. అప్పుడే కరకరలాడుతదట." రెండోసారి వేసినప్పుడు ముక్కలు బంగారు రంగుకు తిరిగాయి. జమున ఒకటి విరిచి చూసింది. పైన అప్పడంలా విరిగింది, లోపల మెత్తగా ఉంది. ఆ ముక్కే అతనికి ఇచ్చింది.

"బాగుంది" అన్నాడు రఘుపతి, నమిలీ నమలకముందే.

తర్వాత పాకం. ఇంకో పెనంలో చెంచాడు నూనె, తరిగిన వెల్లుల్లి, అల్లం, నాలుగు ఎండుమిరపకాయలు. అవి వేగాక సంత్రా రసం, చక్కెర, వెనిగర్, సోయా సాస్. తురిమిన తొక్క చివర్లో వేయాలి. రసం మరగడం మొదలయ్యేసరికి బయట నల్లా వచ్చింది. గంట సేపే వస్తుంది. దీపను తీసుకొని జమున బయటికి పోతూ చెప్పింది.

"సన్న మంట మీద ఉన్నది. జర చూస్తుండు. చిక్కవడంగనే బందు చెయ్."

"సరే" అన్నాడు అతను.

రెండో బిందె సగం నిండింది. అప్పుడు ముందు దీపకే ముక్కుపుటాలు అదిరాయి. "అమ్మా, మాడు వాసన!" చక్కెర మాడిన చేదు, దాని వెనక ఎండుమిర్చి మాడిన ఘాటు. పక్క క్వార్టర్ ఆమె కూడా దగ్గుతూ తల బయట పెట్టింది. జమున బిందె వదిలేసి పరుగెత్తింది.

పెనం అంచుల్లో పాకం నల్లబడి బుడగలు కక్కుతోంది. పైకి పొగ ఇంకా పెద్దగా లేదు. రఘుపతి పొయ్యికి రెండు మూరల దూరంలో, పొయ్యికి వీపు పెట్టి, అదే కిటికీ వైపు చూస్తూ కూర్చొని ఉన్నాడు. జమున స్టవ్ బంద్ చేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మాడిపోతుంటే ఏం చేస్తున్నవయ్యా?"

అతను ఉలిక్కిపడి తిరిగాడు. పెనం చూశాడు. "మాడిందా?" అన్నాడు. ఆ తర్వాత, ఆమె ముఖం చూసి, తొందరగా, "మంచి వాసన వస్తుంటె అయితున్నదేమో అనుకున్న" అన్నాడు.

జమున పెనం వైపు, అతని వైపు చూసింది. చేపల పులుసు గుర్తొచ్చింది. గ్యాస్ గుర్తొచ్చింది. అరమీద చేయి పెట్టి ఇంగువ డబ్బా తీసింది.

"కండ్లు మూసుకో."

"ఏందే పిచ్చిదానా..."

"మూసుకో అంటున్న."

అతను కళ్లు మూసుకున్నాడు. ఆమె డబ్బా మూత తీసి అతని ముక్కు కింద పెట్టింది. గుమ్మంలో నిలబడ్డ దీపకు అక్కడికే ఇంగువ ఘాటు తగిలింది.

"ఏం వాసనో చెప్పు."

రఘుపతి గట్టిగా ఊపిరి పీల్చాడు. కనురెప్పలు అదిరాయి. కాసేపు ఆలోచించి చెప్పాడు.

"సంత్ర తొక్క."

నల్లా దగ్గర బిందె నిండి నీళ్లు పారుతున్న చప్పుడు వినిపిస్తోంది. అతను కళ్లు తెరిచి, ఆమె చేతిలోని డబ్బా చూసి, తల దించుకున్నాడు.

"ఎప్పటిసంది?" అడిగింది జమున.

"జ్వరం తగ్గినప్పటిసంది. నాలుగు దినాలల్ల అదే వస్తదనుకున్న. రాలే."

"దవాఖానల చెప్పినవా?"

"చెప్తే అన్‌ఫిట్ రాస్తరు. సర్దార్ పని పోతది. పైన ఎక్కడనో కూసోబెడ్తరు. కూలిగ ఉన్నోన్ని, కొత్తగూడెం పోయి చదువుకొని తెచ్చుకున్న సర్టిఫికెట్ జమునా అది."

"మరి గనిల ఎట్ల చేస్తున్నవ్?"

"గాలి చూసే మీటరుంటది గద."

జమున కూడా గని కార్మికుడి బిడ్డే. తవ్వేసి వదిలిన చోట మిగిలిపోయిన బొగ్గు దానంతటదే వేడెక్కి రాజుకుంటుందని, అందుకే ఆ పాత చోట్లకు అడ్డంగా ఇటుక గోడలు కడతారని ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. రాజుకునే ముందు గోడకు చెమట పడుతుంది. కిరసనాయిలు, అదే గాసునూనె, లాంటి వాసన వస్తుంది. ఆ వాసన పట్టడానికే గోడల దగ్గరికి మనిషిని పంపుతారు. తండ్రి చాయ్ తాగుతూ ఈ సంగతులు పిట్టకథల్లా చెప్పేవాడు.

"పొద్దున గోడ చూసినవా?" అంది ఆమె.

రఘుపతి ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"నిన్నే. అంజిగాడు పాత గోడ దిక్కు పని అన్నడు. నువ్వు చూసినవా?"

అప్పుడు చెప్పాడు. మొత్తం చెప్పాడు, వంటింటి గోడ మీది నుంచి చూపు తిప్పకుండా, ఎవరికో రిపోర్టు ఇస్తున్నట్టు. గనిలోని ఆ పాత గోడ వైపు రోజుకొకసారి, మొదటి షిఫ్టులోనే వెళ్లి చూస్తారు. పొద్దున తొమ్మిదింటికి పోశంతో కలిసి వెళ్లాడు. పోశం పాత కార్మికుడు, ఇంకో రెండేళ్లలో రిటైరవుతాడు. ఇటుకల మీద సన్నగా నీటి బొట్లు ఉన్నాయి. మీటరులో విషవాయువు అంకె నిన్నటికంటే కొంచెం ఎక్కువ చూపించింది, కానీ భయపడేంత కాదు. పోశం ముక్కు చిట్లించి, "సారూ, ఏదో గాసునూనె వాసన వస్తలేదా?" అన్నాడు.

"నువ్వేమన్నవ్?"

"రాదన్న."

"పోశం కాకేమన్నడు?"

"ఇంకోసారి పీల్చి చూసిండు. 'వస్తున్నట్టే ఉన్నది సారూ' అన్నడు. నాకు కోపమచ్చింది. సర్దార్ నువ్వా నేనా అన్న. ఇగ ఆయన మాట్లాడలే."

"రిపోర్టు పుస్తకంల ఏం రాసినవ్?"

"వాసన లేదు అని రాసిన."

జమున గోడ గడియారం చూసింది. ఐదుంపావు. అంజి కిందికి దిగి రెండు గంటలు దాటింది. ఆమె ఫోన్ తీసి తమ్ముడి నంబరు నొక్కింది. గని లోపలికి ఫోన్ తీసుకుపోనివ్వరని తెలిసీ నొక్కింది. స్విచ్ఛాఫ్ అని ఒక ఆడగొంతు చల్లగా చెప్పింది.

"రేపు పొద్దుగాల్నే పోయి మంచిగ చూస్త" అన్నాడు రఘుపతి. "పోశంను, ఇంకిద్దరిని తీసుకపోత. అంకె పెద్దగేం లేదు జమునా. గంతల్నే ఏం కాదు."

"ఏం కాదని ఎవరు చెప్పిన్రు? నీ ముక్కు చెప్పిందా?"

ఆ మాటకు అతని ముఖం తెల్లబోయింది. దీప ఏడవడం మొదలుపెట్టింది. జమున ఏడవలేదు. ఫోన్ అతని ఒళ్లో పెట్టింది.

"నువ్వు చేస్తవా, నేను చెయ్యాల్నా? నేను చేస్తే అన్ని చెప్త. ఇంగువ సంగతితోని సహా."

అతను లేచి ముందుగదిలోకి పోయాడు. గని ఆఫీసుకు చేశాడు. అండర్ మేనేజర్‌ను లైన్లోకి పిలిచేసరికి రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాలు రఘుపతి తలుపు గడియ తీస్తూ వేస్తూ నిలబడ్డాడు.

"సార్, రఘుపతిని. పొద్దున గోడ దగ్గర వాసన లేదని రాసిన. అది తప్పు సార్. నాకు వాసన తెల్వది. నాలుగు నెలల సంది తెల్వది. పోశం వస్తుందన్నడు, నేను ఇనలే. గోడకు చెమట ఉండె. మనుషులను బయటికి తియ్యుండ్రి సార్."

అవతల ఏ చప్పుడూ లేదు. "హలో" అన్నాడు రఘుపతి. లైను కట్టయి ఉంది. చివరి మాట ఆయన విన్నాడో లేదో తెలియదు. మళ్లీ చేస్తే ఎవరూ ఎత్తలేదు.

దీపను పక్కింట్లో ఉండమని చెప్పి ఇద్దరూ బండి మీద బయల్దేరారు. గని పావుగంట దూరం. పొద్దు గుంకింది. బొగ్గు లారీల దుమ్ము చలికి పైకి లేవకుండా రోడ్డు మీదే మంచులా పరుచుకొని ఉంది. జమున అతని భుజం పట్టుకోలేదు. సీటు వెనక కమ్మీ పట్టుకొని కూర్చుంది.

గని దగ్గర సైరన్ లేదు, పరుగులు లేవు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. గాలి పంపే పెద్ద ఫ్యాన్ ఎప్పటిలాగే హోరుమంటోంది. లోపలి నుంచి పైకి వచ్చే వాలుదారి నోటి దగ్గర ఐదారుగురు నిలబడి కిందికి చూస్తున్నారు. అండర్ మేనేజర్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకొని వాళ్ల మధ్యే ఉన్నాడు. రఘుపతిని చూసి చూపు తిప్పుకున్నాడు. దిగేవాళ్లకు లైట్లు ఇచ్చే గదిలో గుమాస్తా అరల ముందు నిలబడి వేలితో లెక్కపెడుతున్నాడు. ఆ ప్యానెల్‌వాళ్లవి పదకొండు అరలు ఖాళీగా ఉన్నాయి.

మొదట ఆరుగురు వచ్చారు. ఏమీ మాట్లాడకుండా నేల మీద కూర్చున్నారు. ఒకడు వాంతి చేసుకున్నాడు. తర్వాత ముగ్గురు. అంజి లేడు.

"ఇంకెవరున్నరు?" జమున అడిగింది.

"రహమతుల్లా సార్ మల్ల లోపలికి పోయిండు" అన్నాడు వచ్చినవాళ్లలో ఒకడు. రహమతుల్లా ఆ షిఫ్టు ఓవర్‌మన్, సర్దార్లకు పైవాడు, రఘుపతితో కలిసి పదేళ్లు పనిచేసినవాడు. "అంజి కనబడ్తలేడని పోయిండు."

రఘుపతి వాలుదారి వైపు నడిచాడు. అండర్ మేనేజర్ చెయ్యి అడ్డం పెట్టి ఒకే మాట అన్నాడు. "నువ్వు పోవద్దు." అరవలేదు. మామూలుగా అన్నాడు. రఘుపతి అక్కడే ఆగిపోయాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనివాడిలా, రెండు చేతులూ ముందుకు జాపి మళ్లీ దించాడు.

జమున ఇనుప కంచె పట్టుకొని నిలబడింది. ఆమెకు తర్వాత ఆ ఇరవై నిమిషాల్లో గుర్తున్నది ఒక్కటే. తన వేళ్లకు ఇంకా సంత్రా తొక్క వాసన ఉంది. ముఖం తుడుచుకున్నప్పుడల్లా అదే.

రెండు లైట్లు కనిపించాయి. ఒకటి నిటారుగా, ఒకటి పక్కకు వాలి. రహమతుల్లా అంజిని నడుం పట్టుకొని ఈడ్చుకొస్తున్నాడు. అంజి కాళ్లు కదులుతున్నాయి కానీ నేల మీద సరిగా పడటం లేదు. ముఖం ఎర్రగా కందిపోయి ఉంది.

"గోడ పక్కనే కూసున్నడు, నిద్రలున్నట్టు" అన్నాడు రహమతుల్లా, ఎవరితోనని కాకుండా గాల్లోకి. ఆపైన రఘుపతిని చూశాడు. "పొద్దున ఎంత రాసినవ్ భాయ్? ఇప్పుడు మీటరు అంకె దాని మీద పదంతలున్నది. గోడ ముట్టుకుంటె చెయ్యి కాలింది."

అంజిని అంబులెన్సులో ఎక్కించి ఆక్సిజన్ పెట్టారు. జమున కూడా ఎక్కింది. తలుపు మూసేటప్పుడు రఘుపతి దగ్గరికి రాబోయాడు. ఆమె ఆపలేదు, రమ్మనలేదు. అంబులెన్సు కదిలిపోయింది.

అంజి మూడు రోజులు దవాఖానలో ఉన్నాడు. బతికాడు. అతన్ని బయటికి తెచ్చిన మర్నాడు పొద్దున గనిలో పొగ కనిపించింది. ఆ ప్యానెల్‌ను నాలుగు వైపులా గోడలు కట్టి మూసేశారు. మిషన్ లోపలే ఉండిపోయింది. లోపల మంట ఆరిందో లేదో ఇప్పటికీ ఎవరూ ఖాయంగా చెప్పలేరు. వారానికొకసారి గోడల బయటి నుంచి గాలి తీసి పరీక్షిస్తున్నారు.

విచారణలో రఘుపతి ఏదీ దాచలేదు. పోశం అన్న మాట, తాను అన్న మాట రెండూ చెప్పాడు. సర్టిఫికెట్ తీసుకున్నారు. మూడు నెలల సస్పెన్షన్ తర్వాత పైన స్టోరులో పని ఇచ్చారు. కాలనీలో కొందరు అతను ఫోన్ చేసి పదకొండుమందిని బతికించాడన్నారు. కొందరు అతను ఎదురైతే రోడ్డు అవతలికి మారారు. పోశం మాత్రం ఒకనాడు ఇంటికి వచ్చాడు. చాయ్ తాగుతూ, "నేనన్న గట్టిగ అనకపోతిని సారూ. ముప్పై ఏండ్ల సంది ముక్కు నమ్ముకున్నోన్ని, ఆ దినం నీ మాట నమ్మిన" అన్నాడు. రఘుపతి లేచి వచ్చి ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

జమున మాట్లాడుతూనే ఉంది, ఇంటి పనుల గురించి. ప్రతి పూటా అన్నం పెట్టేముందు కూర గిన్నె తనే వాసన చూసి పెట్టేది. అతను "బాగుంది" అనడం మానేశాడు.

అంజి రెండు నెలల దాకా ఆ గడప తొక్కలేదు. అక్కను బస్టాండులోనో, తన ఇంట్లోనో కలిసేవాడు. ఫిబ్రవరి చివర్లో ఒక సాయంత్రం వచ్చాడు. లోపలికి రాకుండా వాకిట్లో కుర్చీ లాక్కొని కూర్చున్నాడు. రఘుపతి బయటికొచ్చి ఎదురుగా మెట్టు మీద కూర్చున్నాడు. దీప నీళ్లు తెచ్చి ఇచ్చింది.

"నాకు వాసన వచ్చింది బావా" అన్నాడు అంజి. "దిగిన అర్ధగంటకే వచ్చింది. మా అందరికి వచ్చింది. పుస్తకంల నీ రాత చూసినం. వాసన లేదని సర్దారే రాసిండంటె, మిషిన్ నూనె కారుతుందేమో అనుకున్నం."

రఘుపతి తల ఊపాడు.

"ఒక్క మాట అడుగుత. నిజం చెప్పాలె."

"అడుగు."

"ఆ దినం అక్క నిన్ను పట్టుకోకపోతె, తెల్లారి గోడ కాడికి పోయి మల్ల గదే రాస్తుంటివా?"

జమున గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె కూడా ఈ ప్రశ్న రెండు నెలలుగా అడగాలనుకొని అడగలేకపోయింది. రఘుపతి ఆమె వైపు చూశాడు, తర్వాత అంజి వైపు.

"రాస్తుంటి" అన్నాడు.

అంజి నీళ్లు తాగాడు. గ్లాసు మెట్టు మీద పెట్టాడు. సోమవారం నుంచి మళ్లీ డ్యూటీ ఎక్కుతున్నానని, వేరే ప్యానెల్ ఇచ్చారని, అక్కడి సర్దారు కొత్తవాడని అక్కకు చెప్పి, బండి తీసుకొని వెళ్లిపోయాడు.